అద్దాలు బిగించే కోచ్

ముందు మొదటి వార్త చెప్పేస్తాను, అది లోపల పెట్టుకుని ఇంకేదీ రాయలేను. నేను డిగ్రీ పూర్తి చేశాను. నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ యూనివర్సిటీలో చదివి పట్టాతో బయటికొచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ పట్టా ఇప్పుడు ఇక్కడ ఆస్ట్రేలియాలో, టార్నీట్‌లో మా ఇంటి హాల్లో టీవీ పక్కన ఉంది. ఇంకా ఫ్రేమ్ కట్టించలేదు. అమ్మ రోజూ దాని మీద దుమ్ము తుడుస్తుంది, దుమ్ము లేకపోయినా. నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. రెస్టారెంట్‌లో వంట చేసే నాన్న బిర్యానీ తినడానికొచ్చిన వాళ్ళందరికీ ఈ సంగతి చెప్పేశాడట, వాళ్ళు అడక్కపోయినా.

రెండో వార్త కూడా ఉంది. నాకు అదే పెద్దది. కానీ అది చెప్పాలంటే కోచ్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

కోచ్ అంటే మా యూనిలో అమ్మాయిల బేస్‌బాల్ జట్టు కోచ్. ముప్పై ఏళ్ళుగా ఆ పని ఆయనదే. బతుకుతెరువు మాత్రం కిటికీలకు అద్దాలు బిగించడం. పోయిన చలికాలం సీజన్ మధ్యలో ఒక ఆదివారం మమ్మల్నందరినీ గడ్డి మీద కూర్చోబెట్టి, మోకాళ్ళు ఇక మాట వినట్లేదనీ ఇదే తన చివరి సీజన్ అనీ చెప్పారు. కొత్త కోచ్‌గా ఎవరో ఒకరు ఏడాది ముగిసేలోగా సంతకం పెట్టకపోతే అమ్మాయిల జట్టును ఎత్తేస్తామని స్పోర్ట్స్ ఆఫీసు వాళ్ళు అన్నారట. ఆ మాట కూడా ఆయన వాన పడేలా ఉందని చెప్పినట్టే చెప్పారు. పాత ఆటగాళ్ళను ఒక్కొక్కరినే అడిగి చూశారు. ఒకరికి చిన్నపిల్లలు, ఒకరికి హాస్పిటల్ షిఫ్టులు, ఒకరు పెర్త్ వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళ పని ఒక్క సంతకం దగ్గర ఆగి ఉంది.

ఆయన మాట్లాడేది అచ్చమైన ఆస్ట్రేలియా ఇంగ్లీషు, సగం మాటలు పళ్ళ మధ్యే ఉండిపోతాయి. కానీ ఇప్పుడు తలచుకుంటే ఆ మాటలన్నీ నాకు తెలుగులోనే వినిపిస్తున్నాయి. కలలో ఎవరైనా మన భాషే మాట్లాడతారు కదా, అలా. అందుకే ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

ఆయన కోచ్ అయిన తీరు కూడా కలలాగే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు ఒకసారి యూని లైబ్రరీలో పగిలిన కిటికీ మార్చడానికి వచ్చారట. నిచ్చెన మీద నుంచి చూస్తే కింద మైదానంలో కొందరమ్మాయిలు బేస్‌బాల్ ఆడుతున్నారు. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఒక బంతి దొర్లుకుంటూ నిచ్చెన దాకా వచ్చింది. దిగి, తిరిగి విసిరారు. "ఎంత బాగా విసిరారు, మాకు నేర్పిస్తారా" అని ఒకమ్మాయి అడిగింది. "ఇంకో రెండు అద్దాలున్నాయి, అవి పెట్టి వస్తాను" అన్నారట. అలా వచ్చిన మనిషి మళ్ళీ వెళ్ళలేదు. ఆ యూనిలో ఆయన ఒక్క క్లాసులోనూ కూర్చోలేదు. చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఆయన నేర్పిన అమ్మాయిల్లో మాత్రం డాక్టర్లున్నారు, జడ్జి కూడా ఒకావిడ ఉంది.

నేను ఆ మైదానంలోకి వెళ్ళింది ట్రైన్ వల్ల. మొదటి ఏడాది బుధవారం ఆఖరి క్లాసు అయ్యాక టార్నీట్ ట్రైన్‌కి గంటకు పైగా టైముండేది. స్నేహితులెవరూ ఇంకా కుదరలేదు. మైదానం అంచున కూర్చుని ఇంట్లో కట్టిచ్చిన పెరుగన్నం తినేదాన్ని. పడమర నుంచి గాలి వీస్తుంటే యూకలిప్టస్ వాసన, తడిసిన గడ్డి వాసన కలిసి వచ్చేవి. అక్కడ ఆడేది క్రికెట్టేననీ, ఏదో తేడాగా ఆడుతున్నారనీ మొదట్లో అనుకున్నాను. మూడో బుధవారం కోచ్ నా దగ్గరికొచ్చి, డబ్బాలోకి తొంగి చూసి, "తినడం అయ్యాక రా, ఒకమ్మాయి తక్కువైంది" అన్నారు. పేరు కూడా అడగలేదు.

ఆ సాయంత్రం నేను చేసిన తప్పు మా జట్టులో అంతకు ముందు ఎవరూ చేయలేదట. బంతిని కొట్టాను, తగిలింది. తగిలాక బ్యాట్ అక్కడే పడేసి మొదటి బేస్ దాకా పరిగెత్తాలి, బంతి నాకంటే ముందు అక్కడికి చేరితే అవుట్. అంతా విన్నాను. కానీ బ్యాట్ విసరబోతే చెయ్యి రాలేదు. మా ఇంట్లో పనిముట్టును విసరరు. దసరా నాడు నాన్న గరిటెకు, కత్తులకు కుంకుమ పెడతాడు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. నేను వంగి, బ్యాట్‌ను నేల మీద నెమ్మదిగా పడుకోబెట్టి, వేళ్ళు కళ్ళకద్దుకుని, అప్పుడు పరుగు మొదలుపెట్టాను. సగం దూరం పోకముందే బంతి బేస్ దగ్గర నా కోసం ఎదురుచూస్తోంది.

అందరూ నవ్వారు. కోచ్ నవ్వలేదు. దగ్గరికొచ్చి, "అదేంటో నాకు చెప్పు" అన్నారు. దసరా, కుంకుమ, నాన్న గరిటె, అన్నీ చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, తన యూట్ బండి దగ్గరికి నడిచారు. వెనక ట్రేలో ఎప్పుడూ అద్దాలుంటాయి. వాటి కింద గీతలు పడకుండా పరిచే పాత కార్పెట్ ముక్క ఒకటి తీసుకొచ్చి, బ్యాట్ పట్టుకుని నిలబడే చోటు, అంటే హోమ్ ప్లేట్ పక్కన పరిచారు.

"నా అద్దాలు కూడా నేను ఉత్త నేల మీద పెట్టను. బ్యాట్ దీని మీద పడనీ. విసరొద్దు. చెయ్యి తెరువు, అంతే."

రెండు నెలలు ఆ ముక్కతోనే ఆడాను. నా వంతు వచ్చినప్పుడల్లా ఆయనే తెచ్చి పరిచేవారు. ఒకరోజు పరవడం మర్చిపోయారు, నేనూ గమనించలేదు. బేస్ మీద నిలబడ్డాక చూసుకుంటే బ్యాట్ మట్టిలో ఉంది. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన మర్చిపోలేదేమోనని.

అంతమాత్రాన నేను గొప్పగా ఆడానని కాదు. నాలుగేళ్ళూ ఎక్కువగా బెంచ్ మీదే ఉన్నాను. ఆ బెంచ్ మీద నుంచి చూసిన ఆదివారాలు ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తొస్తాయి. పొగమంచు ఆలస్యంగా విడిపోవడం, దూరపు గడ్డిలో సీగల్స్ నిలబడి ఉండటం, బంతి పైకి లేస్తే అవన్నీ ఒకేసారి లేవడం. ఏది బంతో ఏది పక్షో కాసేపు తెలిసేది కాదు.

మ్యాచ్ అయ్యాక ఆయనదొక పద్ధతి ఉండేది. గెలిచినా ఓడినా అందరం గుండ్రంగా కూర్చోవాలి. తన ఆట గురించి ఎవరూ మాట్లాడకూడదు. పక్కవాళ్ళు చేసిన దాంట్లో తాను చూసిందొకటి చెప్పాలి. పొగడ్త కానక్కర్లేదు, నిజంగా చూసి ఉండాలి. మొదట్లో అందరూ "తను బాగా పరిగెత్తింది" లాంటివి చెప్పేవాళ్ళు. కోచ్ కళ్ళు మూసుకుని వినేవారు. నా దగ్గర మాత్రం చెప్పడానికి బోలెడు ఉండేవి, బెంచ్ మీద ఇంకేం పని? రెండో బేస్ అమ్మాయి ప్రతి బంతికి ముందు ఎడమ మడమ లేపుతుందని చెప్పాను. మా పిచ్చర్, అంటే బంతి విసిరే అమ్మాయి, వెనక నుంచి గాలి వీస్తే అడుగు చిన్నగా వేస్తుందనీ, బంతులు అప్పుడే దారి తప్పుతున్నాయనీ చెప్పాను. కోచ్ కళ్ళు తెరిచారు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. మరుసటి ఆదివారం గాలి లేవగానే ఆయన పిచ్చర్ దగ్గరికి నడిచి వెళ్ళి, చెప్పుల కాలితో నేల మీద ఒక గీత గీసి, "అడుగు ఇక్కడిదాకా" అన్నారు. ఆ రోజు గెలిచాం. అప్పట్నుంచి ఆయన నిలబడకుండా బెంచ్ మీద నా పక్కన కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పి వల్లేనని అనుకున్నాను.

సీజన్ చివరి మ్యాచ్ ఓడిపోయాం. అందరూ వెళ్ళిపోయాక ఆయన రేక్‌తో మట్టి చదును చేస్తుంటే ఇంకో రేక్ తీసుకుని నేనూ మొదలుపెట్టాను. తర్వాత ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చాపారు. స్పోర్ట్స్ ఆఫీసు వాళ్ళ కాగితం. కోచ్ పేరు అన్న చోట ఖాళీ.

"నేనా? నాలుగేళ్ళలో నేను బేస్ మీదికి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

"నేను అది అడగలేదు."

"మన పిచ్చర్ చేస్తుంది కదా, తను బాగా ఆడుతుంది."

"బాగా ఆడుతుంది. తను ఆడేటప్పుడు ఇంకెవరూ తనకి కనబడరు. అలా ఉండబట్టే బాగా ఆడుతుంది."

నాకు భయమేసింది. నేను చెప్తే వాళ్ళు నవ్వుతారనుకున్నాను. వద్దన్నాను. ఆయన బతిమాలలేదు. కాగితం అవే మడతల మీద మడిచి జేబులో పెట్టుకుని, "సరే" అని, రేక్ ఎక్కడ ఆపారో అక్కడే మళ్ళీ మొదలుపెట్టారు. ఆ "సరే" నాలో చాలా రోజులు ఉంది. పరీక్షలకు చదువుతుంటే పేజీల మధ్య వినిపించేది. జట్టు గ్రూపులో అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఎవరైనా దొరికారా అని అడిగేవాళ్ళు. ఎవరూ జవాబు రాసేవాళ్ళు కాదు. నేనూ రాయలేదు.

పట్టా తీసుకునే రోజు సోమవారం పడింది. రెస్టారెంట్‌కి సెలవు. నాన్న రెండుసార్లు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, పెద్ద డబ్బా నిండా డబుల్ కా మీఠా పట్టుకొచ్చాడు. అమ్మ పట్టుచీర, తమ్ముడి చేతిలో కెమెరా. పేరు పిలిచినప్పుడు నేను స్టేజీ మీద నడిచిన ఆ కాసేపు చెవుల్లో నీళ్ళు నిండినట్టుంది. నల్ల గౌను నాకంటే ముందు నడుస్తున్నట్టుంది. పైన ఎత్తైన కిటికీల్లోంచి ఎండ వరుసలు వరుసలుగా దిగి అందరి టోపీల మీద పడుతోంది.

బయటికొచ్చేసరికి పచ్చిక మీద కోచ్ నిలబడి ఉన్నారు. పాత సూటు, భుజాల దగ్గర బిగుతు. నాన్న ఆయన్ని ఫోటోల్లో చూశాడు. దగ్గరికి వెళ్ళి దండం పెట్టి, డబ్బా మూత తీసి, చెంచా చేతికిచ్చాడు. నాన్న ఇంగ్లీషు వంటగది దాకా సరిపోతుంది, అంతకు మించి రాదు. అందుకని మధ్యలో నేను నిలబడాల్సి వచ్చింది.

"సార్ ఏం పని చేస్తడో అడుగు బిడ్డా."

అడిగాను. కోచ్ చెంచాతోనే హాలు పైకి చూపించారు. "ఆ పై వరుస అద్దాలన్నీ నావే. చాలా ఏళ్ళయింది."

నాన్న తలెత్తి చాలాసేపు చూశాడు. "ఒక్కటన్న పగల్లే. నేను వండింది మాపటికి మిగలది. సార్ పని చూడు, ఎట్ల నిలవడ్డదో."

అది చెప్తే కోచ్ చెంచా ఊపుతూ నవ్వి, ఇంకో చెంచాడు తీసుకున్నారు. తర్వాత నా వైపు చూడకుండా నాన్న వైపే చూస్తూ అన్నారు. "మీ అమ్మాయిని జట్టుకు కోచ్‌గా ఉండమని అడిగాను. వద్దంది. ఎవరూ దొరక్కపోతే జట్టే ఉండదు. తను చేయగలదని నా నమ్మకం. మీరేమంటారు?"

నేను నాన్న వైపు తిరిగాను. "నువ్వు చేసిన మీఠా మస్తుందట నాన్నా."

నాన్న నన్ను అనుమానంగా చూశాడు. "గంత పొడుగు మాటకు గింతేనా?"

ఇక్కడే పుట్టిన మా తమ్ముడు ఇంట్లో తెలుగులో ఏం అడిగినా ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. వాడు నోటి నిండా మీఠాతో, "దట్స్ నాట్ వాట్ హీ సెడ్" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మింగి, ఒక్కో మాటా వెతుక్కుంటూ తెలుగులో మొదలుపెట్టాడు. "నాన్నా, అక్కను కోచ్ గా అవ్వుమంటున్నడు. లేకపోతే టీమ్ క్లోజ్. అక్క నో చెప్పింది."

"నిజమా?" అని నాన్న నన్నడిగాడు.

"నాకు ఆడుడు రాదు నాన్నా. టీమ్‌లో అందరికంటే వీక్ నేనే."

"అయితే సార్‌ను అడుగు. అందరికంటే చేతగాని పిల్లను తీస్కపోయి పెద్దగ ఎందుకు కూసోబెడుతున్నవని."

నన్ను తిట్టిన తిట్టు నేనే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. కోచ్ చెంచా డబ్బాలో పెట్టి పిచ్చర్ అడుగు సంగతి చెప్పారు, గాలి సంగతి చెప్పారు. "ముప్పై ఏళ్ళుగా అక్కడే నిలబడ్డాను. నాకు కనబడలేదు, తనకు కనబడింది." నేను దీన్ని తెలుగులో చెప్తుంటే గొంతు సన్నబడింది. తమ్ముడు పక్కనుంచి, "లౌడర్" అన్నాడు.

నాన్న డబ్బాకు మూత పెట్టాడు. తర్వాత నాతోనే అన్నాడు. "మొన్న నేను లీవ్ పెట్టినప్పుడు కిచెన్ ఎవలకు అప్పజెప్పిన, యాదికున్నదా? కత్తి మస్తు జోరుగ ఆడించేటోడు ఒకడుండె. వానికియ్యలే. పొయ్యి మీదున్న ప్రతి గిన్నె మూత తీసి చూసేటోనికిచ్చిన. గిది సార్‌కు చెప్పు."

చెప్పాను. కోచ్ నాన్న భుజం మీద చెయ్యి వేశారు. "ఈయన్ని కూడా జట్టులోకి తీసుకో."

"నాతోని ఉరుకుడు కాదు సార్," అన్నాడు నాన్న, ఇది మాత్రం తనే ఇంగ్లీషులో, చేతులతో.

అప్పటిదాకా ఊరుకున్న అమ్మ అడిగింది. "ల్యాబ్ నౌకరీ పోదుగద?"

"ఇది బుధవారం సాయంత్రం, ఆదివారమే అమ్మా."

"మల్ల ఆదివారం బట్టలు నువ్వే ఉతుక్కోవాలె. ఆ గ్రౌండ్ మట్టి నాతోని పోదు. నాలుగేండ్ల సంది ఉతుకుతున్న."

అందరూ ఒప్పుకున్నట్టే ఉన్నారు, నేను తప్ప. నేను కోచ్‌ను పక్కకు పిలిచి అడిగాను. "నా మాట ఎవరూ వినకపోతే?"

"మొదటి ఏడాది నా మాటా ఎవరూ వినలేదు. ఆయనకు ఏం తెలుసు, అద్దాలు పెట్టేవాడు అన్నారు. అయినా బుధవారం వచ్చేవాళ్ళు. వస్తే చాలు, తర్వాత మెల్లగా వింటారు."

అంటూ సూటు లోపలి జేబులోంచి కాగితం తీశారు. అదే కాగితం. మడతల దగ్గర మెత్తబడి గుడ్డలా అయిపోయింది. చొక్కా నుంచి చొక్కాకు, అక్కడి నుంచి ఈ సూటుకు, నాలుగు నెలలు మోసినట్టున్నారు.

"నా తర్వాత ఎవర్నీ అడగలేదా?"

"లేదు."

"ఏడాది అయిపోతోంది కదా. నేను మళ్ళీ వద్దంటే?"

"వద్దంటే అయిపోతుంది." ఆయన చూపు పచ్చిక అవతల ఎక్కడో ఉంది. "ఎవరో ఒకరు పెట్టే సంతకం అయితే ఎప్పుడో దొరికేది. నాకు అది వద్దు."

అప్పటికే మెత్తబడిన ఆ కాగితాన్ని మడిచారు, మళ్ళీ విప్పారు. ముప్పై ఏళ్ళ పని పోతుందేమోనని ఆయనకూ భయమేనని అప్పుడు తెలిసింది. భయపడుతూనే నాకు టైమిచ్చారు. పెన్ను అడిగాను. రాయడానికి గట్టిగా ఏమీ లేక పట్టా ఉన్న ఫోల్డర్‌నే కాగితం కింద పెట్టుకున్నాను.

"పట్టా మీద పెట్టి రాస్తవా," అంది అమ్మ. అప్పటికే సంతకం అయిపోయింది.

ఇదీ రెండో వార్త. మా యూని అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు ఇప్పుడు కోచ్‌ని నేను.

మొదటి ప్రాక్టీస్ పోయిన ఆదివారం. వస్తారా అని ముందురోజు కోచ్‌కి ఫోన్ చేశాను. "రాను. నేనక్కడ ఉంటే వాళ్ళు నన్ను చూస్తారు. నువ్వూ నన్నే చూస్తావు," అన్నారు. పొద్దున్నే వెళ్ళాను. ఎండాకాలం చివర, గడ్డి ఎండి లేత బంగారు రంగులో ఉంది. గాలికి మైదానమంతా మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుంది. పదకొండు మంది వచ్చారు. నేను మొదట చెప్పిన మాట ఎవరికీ వినబడలేదు. రెండోసారి ముగ్గురికి వినబడింది. పిచ్చర్ వెనక్కి తిరిగి, "వినండే, కోచ్ ఏదో అంటోంది" అని అరిచింది. కోచ్ అన్న మాటకు నేను కూడా అలవాటుగా పార్కింగ్ వైపు తిరిగి చూశాను.

అలా చాలాసార్లు చూశాను. తెల్ల యూట్ వస్తుందేమో, చెట్ల కింద ఆగుతుందేమో, అద్దం దింపి చూసి వెళ్తుందేమో అని. ఒకటి వచ్చింది కూడా, అది వేరే ఎవరిదో. తర్వాత ఒక కొత్తమ్మాయి గ్లవ్‌ను మొహానికి మరీ దగ్గరగా పట్టుకుంటోందని కనిపించింది. దాన్ని సరిచేస్తుంటే, దాని కంటే ముందు కుడి కాలు సరిచేయాలని కనిపించింది. మూడో బేస్ దగ్గర ఇద్దరు ఒకే బంతికి వెళ్ళి గుద్దుకుని నవ్వుతున్నారు. ఎవరు ముందు పిలవాలో చెప్పాను. అది పదిసార్లు చేయించాను. నీళ్ళు తాగండన్నాను. మళ్ళీ మొదలుపెట్టించాను.

అందరూ వెళ్ళాక సంచీలు కార్లో సర్దుతుంటే కోచ్ ఫోన్ చేశారు. ఎంతమంది వచ్చారని అడిగారు. చెప్పాను. "నేను గేటు దాకా వచ్చి వెళ్ళిపోయాను, తెలుసా," అన్నారు.

ఎప్పుడని అడిగాను. చెప్పారు. ఆ టైముకు నేను ఎటు చూస్తున్నానో గుర్తు తెచ్చుకున్నాను. పార్కింగ్ వైపు మాత్రం కాదు.